వెలిసిపోయిన పూలగట్టు

గల్ఫ్‌లో, కరామా పేటలో సుభద్రగారి ఫ్లాట్‌లో హాలు కర్టెన్ ఎప్పుడూ మూసే ఉండేది. ఎదురు గోడ మీద జపాన్ బొమ్మ ఉంది మరి. చెక్క మీద చెక్కి, రంగులద్ది, కాయితం మీద అచ్చు వేసిన బొమ్మ. సుభద్ర ఆఫీసులో పనిచేసిన జపాన్ మేనేజరు ఒకాయన రిటైరై వెళ్తూ ఆమెకిచ్చాడు. పాతకాలపు రంగులు, ఎండ తగిలితే నిలవవని చెప్పి మరీ ఇచ్చాడు.

"టిక్కెట్టు పెట్టు, సినిమా హాలనుకుని జనం వస్తారు" అని భర్త జగన్మోహనరావు వేళాకోళం చేసేవాడు.

ఇంట్లో పనిచేసేది దేవి. ఆమెది కోనసీమలో ఒక లంక. బడి ఏటికి అవతల ఉండేది. ఏడో తరగతిలో తల్లి మంచాన పడడంతో పడవెక్కడం మానేసింది. బొమ్మలోనూ ఏరుంది. గట్టు పొడుగునా గులాబీ రంగు పూలచెట్లు, వాటి కింద గొడుగులు పట్టుకుని నడిచే ఆడవాళ్లు, పడవ వెనక నిలబడి గెడ వేసే మనిషి. అద్దం తుడిచేటప్పుడు ఆ మనిషి దగ్గర దేవి చెయ్యి నెమ్మదించేది.

2023 వేసవి సెలవులకి సుభద్రా, భర్తా రాజమండ్రి వెళ్లారు. మొక్కలకి నీళ్లు పొయ్యమని, కర్టెన్ తియ్యొద్దని సుభద్ర చెప్పింది. దేవికి కఫీల్, అంటే వీసాకి పూచీ పడ్డ యజమాని, జగన్మోహనరావే. వీసా సెప్టెంబరుతో అయిపోతుంది కాబట్టి, రాగానే కొత్తది వేయిస్తానన్నాడు. దేవి చెల్లెలి నర్సింగు చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

మొదటి వారం దేవి కర్టెన్ ముట్టుకోలేదు. కానీ ప్రయాణం వెళ్లినవాళ్లు క్షేమంగా రావాలంటే పగలు ఇల్లు చీకటిగా ఉండకూడదని వాళ్లమ్మ అనేది. పొద్దున్నే కర్టెన్ తీసి, దీపాలవేళకి మూయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నుంచి పడమటెండ నేరుగా గోడ మీద పడేది. వెలుగులో ఏరు బాగా కనబడేది. అన్నం కంచంతో అక్కడే కూర్చునేది.

ఒకరోజు అద్దం తుడిచి, దుమ్మనుకుని మళ్లీ తుడిచింది. దుమ్ము కాదు. పూలు తెల్లబడ్డాయి. ఆ క్షణమే కర్టెన్ మూసేసింది. ఫోనులో సుభద్ర ఇల్లెలా ఉందంటే, మొక్కలు బాగున్నాయంది.

తిరిగొచ్చాక సుభద్ర పెట్టెలు దించకముందే బొమ్మ చూసింది.

"కర్టెన్ ఎవరు తీశారు?"

"నేనేనండి. మీరు దారిలో ఉండగా ఇల్లు చీకటిగా ఉండకూడదని."

"రెండు నెలలూ దారిలోనే ఉన్నామా?" అన్నాడు జగన్మోహనరావు. ఎవరూ నవ్వలేదు.

"ఫోనులో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి."

సుభద్ర బొమ్మని అల్ ఖూజ్‌లో ఫ్రేములు కట్టే చోటికి తీసుకెళ్లింది. చేసేదేమీ లేదన్నారు. ఫ్రేము విప్పితే అట్ట కింద దాగిన అంచున మాత్రం పూలు మునుపటి రంగులోనే ఉన్నాయట. ఆ తర్వాత ఆమె దేవితో పనికి మించి మాట్లాడలేదు. వీసా ఊసు ఎవరూ ఎత్తలేదు. దేవీ అడగలేదు. బట్టలు పెట్టెలో సర్దుకుంది.

ఒక ఆదివారం సుభద్ర వంటింటి పక్క నడవాలో, దేవి గది తలుపు దగ్గర, మేకు కొట్టించి బొమ్మ తగిలించింది. అక్కడికి ఎండ రాదు. వీసాకి ఫొటో కావాలని, రేపు వెళ్లి దిగి రమ్మని దేవికి చెప్పింది.

"హాల్లో కర్టెన్ తియ్యి. ఇంక మూసి ఏం లాభం" అంది.

దేవి తీసింది. ఫ్రేము ఉన్నంత మేర గోడ రంగు వేరుగా కనబడింది.

నడవాలో లైటు వెయ్యడం మాత్రం దేవి ఆ రోజు నుంచి మానేసింది. చీకట్లోనే గోడ పట్టుకుని తన గదికి వెళ్తుంది.