మామ నాలుక, పన్నెండేళ్ల బోర్బన్

ఆ రోజుల్లో నాకు రెండే గర్వాలు ఉండేవి. ఒకటి, ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినా థర్మల్ ప్లాంటులో అమెరికా ఇంజనీరుకు జీపు నడపడం. రెండోది, ఎంతటివాణ్నయినా ఒక్క మాటతో నవ్వించగలనన్న నమ్మకం. ఆ రెండో గర్వానికి లొంగని మనిషి మా ఇంట్లోనే ఉండేవాడు. మా మేనమామ.

మా ఊరు రాయచూరుకూ తెలంగాణ సరిహద్దుకూ నడుమ. మామ బతుకంతా ఈతచెట్లెక్కిన మనిషి. ఆకుదొప్పలో గుటకెడు కల్లు పోస్తే అది ఏ వాగు ఒడ్డు చెట్టుదో చెప్పేవాడు. అటువంటివాడికి ఆ ఏడు విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ రుచిని కూడా వెంట తీసుకుపోయింది. "అంతా మట్టి లెక్కనే ఉందే చెల్లే" అని రెండు ముద్దలకే చెయ్యి కడిగేవాడు. చెట్ల మాటే ఎత్తేవాడు కాదు. మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే అమ్మ పొయ్యి దగ్గర కళ్లు తుడుచుకునేది (అడిగితే పొగ అనేది, పొయ్యి అప్పటికింకా అంటించి ఉండేది కాదు).

టర్బైను పని ముగించుకుని వెళ్తూ ఇంజనీరు నాకు బోర్బన్ అనే వాళ్ల దేశపు విస్కీ సగం సీసా ఇచ్చాడు. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు ఇంకేమీ రాదు. అట్టముక్క మీద పీపా బొమ్మ గీసి, కాల్చిన అగ్గిపుల్లతో దాని లోపల మసి పూశాడు. తన పది వేళ్లు చాలక నావి రెండు పట్టుకుని పన్నెండు చూపించాడు. నీళ్లకుండ వైపు వేలు చూపించి తల గట్టిగా అడ్డంగా ఊపాడు. లోపల కాల్చిన పీపాలో పన్నెండేళ్లు పడుకున్న సరుకు, చుక్క నీళ్లు కలపకుండా సీసాకెక్కిందని నాకు అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని మామ మంచం ముందు పెట్టాను.

"ఏందిరా గిది?"

"అమెరికా కల్లు మామా. పన్నెండేండ్లది."

వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. "పన్నెండేండ్లదా? పొద్దుగాల్ల కల్లు మాపటికే పులుస్తది. పారబొయ్యిరా, మా అన్నను సంపుతవా ఏంది?"

లోపల నాకూ అదే భయం. అయినా ధైర్యం చూపించాలని ముంతలో పోసుకుని ఒక్క గుక్కలో ఎత్తేశాను. (మా వైపు కల్లు చప్పరించడమంటే పోసినవాణ్ని అనుమానించడం. అది మామ ఒక్కడికే చెల్లేది.) తరువాత కాసేపు ఏం జరిగిందో తెలియదు. కళ్లలో నీళ్లు, చెవుల్లో ప్లాంటు సైరను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోట మాట రాలేదు.

మామ నన్ను చూసి నవ్వాడు. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు చూసి! "నాదాన్, తెలివిలేనోడా, గిట్ల తాగుతరారా దీన్ని?" అని లేచి కూర్చున్నాడు.

దొప్పలో రెండు చెంచాలు పోయించుకుని వాసన చూశాడు. నాలుక కొసకు తాకించి ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. "మట్టే."

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మామ మాత్రం దొప్ప కింద పెట్టలేదు. చెంబులో వేలు ముంచి మూడు చుక్కలు విదిలించాడు. దొప్పను రెండు అరచేతుల్లో పొదువుకుని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ నోట్లోకి తీసుకుని, మింగకుండా ఎంతోసేపు ఉంచుకున్నాడు.

"బెల్లం పాకం" అన్నాడు మెల్లగా. "దాని ఎనుక... కాల్చిన మక్కకంకి." మళ్లీ ఆగాడు. "అల్లుడా, దీన్ని దాచిన కట్టెను లోపల కాల్చిండ్రురా."

ఆ అట్టముక్క నా జేబులోనే ఉంది. ఎవరికీ చూపించలేదు. తీసి ఆయన చేతిలో పెట్టాను. మసి మీద బొటనవేలు రాస్తూ, "చేసినోడు ఓపిక గలోడు" అన్నాడు, సాటి పనివాణ్ని మెచ్చుకున్నట్టు.

ఆ పూట మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. "పప్పుల ఉప్పు తక్కువైందే చెల్లే." తన వంటకు వంక పెడితే ఊరుకోని అమ్మ, ఉప్పు డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టి, ఏడుస్తూ నవ్వింది.

పండగకు రెండు చెంచాల చొప్పున ఆ సీసా మామకు ఏళ్ల తరబడి వచ్చింది. దాని రుచి నేను మాత్రం ఎరగను. నా వంతు గుక్కలో పోయింది. ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు. చాయను కూడా వాసన చూసి, ఆగి, నాలుక కొసకు తాకిస్తాను.

"చాయ తాగుతున్నవా, పరీక్ష రాస్తున్నవా?" అంటుంది మా ఆవిడ.

"ఒక్క పరీక్షన్న పాసుగావాలె గదనే" అంటాను. అప్పటికి చాయ చల్లారిపోయి ఉంటుంది.