బిలాస్‌పూర్ డ్రైవరు మెడ, నాగపూర్ అయస్కాంతం

మా బావ మెడ ఫొటోలో ఒక మచ్చ కనిపించింది. ఈ ప్రయాణం అందుకే. తొంభైల చివరి సంగతి. బావంటే మా అక్క మొగుడు, బిలాస్‌పూర్‌లో గూడ్సు బండ్ల డ్రైవరు. చెయ్యి తిమ్మిరెక్కుతోందని ఎమ్మారై తీయిస్తే, వెన్నుపాము మీద గడ్డలా ఉంది, ఆపరేషన్ కావచ్చన్నారు. మెడ మీద కత్తి పడితే బావ మళ్లీ ఇంజనెక్కడు. ఫొటో మరీ మసగ్గా ఉందని, నాగపూర్‌లో కొందరు పరిశోధకులు తేటగా తీసే పద్ధతి పరీక్షిస్తున్నారని చెప్పి డాక్టరుగారే అక్కడికి పంపారు.

బిలాస్‌పూర్‌లో బావ వాళ్లుండే తార్‌బహార్ నుంచి స్టేషన్‌కి నడిచే వెళ్లాం. రాత్రి బండెక్కితే తెల్లారేసరికి గోందియా, అక్కడ టీ తాగాక రెండు గంటల్లో నాగపూర్. బావ ముఖం చూడలేక కదిపాను.

"ఆ ఎమ్మారై సొరంగంలో అబద్ధమాడితే మిషను ఆగిపోద్దట బావా. అక్కకి తెలీకుండా తిన్న పకోడీలు ఇప్పుడే ఒప్పేసుకో."

"నోర్ముయ్‌రా! నానిక్కడ సత్తంటే నీకు పకోడీలేటి?"

స్టేషన్ బయట ఆటోవాళ్లు ముప్పై అంటారు, ఇరవైకి వస్తారు. ఆస్పత్రిలో పరిశోధకురాలు ఒకావిడ, మేడమ్ అనే పిలిచాం, హిందీలో నాలాంటివాడికి కూడా ఎక్కేలా చెప్పింది. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. దాని బలం నిలకడగా ఉంటేనే ఫొటో తేటగా వస్తుంది. మనిషి ఊపిరి తీసినా మెడ దగ్గర ఆ బలం రవ్వంత మారుతుంది. అందుకని మెడ చుట్టూ నీటిచుక్కలున్న బుల్లి గొట్టాలు అమర్చి, ఆ మార్పును ఫొటో తీస్తున్నంతసేపూ కొలుస్తారు. తర్వాత కంప్యూటరులో ఆ తేడా మేరకు ఫొటోని సరిదిద్దుతారు.

బావని మిషనులోకి పంపాక, అద్దం ఇవతల మా ముందున్న తెర మీద ఒక గీత బావ ఊపిరితో పాటు మెల్లగా లేస్తూ పడుతోంది. ఉన్నట్టుండి ఎగిరింది. ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఎగిరింది. "ఇంత కుదుపును సరిదిద్దలేం. ఆయన కదులుతున్నారు, ఎందుకు?" అంది మేడమ్. నాకు వెలిగింది. ఆవిడ మైకులో "రెడీ" అన్నప్పుడల్లా గీత ఎగురుతోంది. ఇంజనులో అసిస్టెంటు సిగ్నల్ చెబితే డ్రైవరు చెయ్యెత్తి ఆ మాటే తిరిగి చెప్పాలి. మైకు అందుకున్నాను.

"బావా, చెయ్యెత్తుతున్నావేటి?"

"మరి? ఆవిడ రెడీ అంటే తిరిగి సెప్పొద్దా? డ్యూటీ కాదేటిరా!"

మేడమ్ పడీపడీ నవ్వింది. "డ్రైవర్ సాబ్, ఈ బండికి సిగ్నల్ నేను చూసుకుంటాను. మీరు ఊపిరి మాత్రం తీయండి."

మధ్యాహ్నం రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. సరిదిద్దక ముందటి దాంట్లో అదే మచ్చ. సరిదిద్దిన దాంట్లో లేదు. ఊపిరి కదలిక వేసిన నీడే గడ్డలా కనిపించిందట. అక్కడి డాక్టరు కూడా చూసి, డిస్కు కాస్త నరాన్ని నొక్కుతోంది, మెడకి పట్టీ, విశ్రాంతి చాలన్నారు. బావ బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"ఏటిరా, ఇప్పుడు మాటాడవేటి?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

మా కుటుంబానికి ఏమీ కాని ఆవిడ, బావ ఊపిరిని అంత ఓపిగ్గా గమనించింది. నమస్కారం పెట్టడం తప్ప మరేం చేయగలం? ఇలా ఎమ్మారైకి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మిషను మోగుతున్నప్పుడు పిలిస్తే ఎలా జవాబివ్వాలో లోపలికెళ్లే ముందే అడగండి. మెడపట్టీ తీసేశాక బావ డ్యూటీలో చేరిన పొద్దున, టిఫిన్ డబ్బా మోసుకుంటూ ఇంజను దాకా నేనే దిగబెట్టాను.