ఎల్లమ్మ ముంత

నా చిన్నప్పుడు, చలికాలం పొద్దున మా ఇంటి ముందు బాట మీద మొదట వినబడే చప్పుడు మోకు మామ దగ్గు. భుజాన మోకు, నడుముకు కత్తి, చేతుల్లో ముంతలు. ఇంకా వెలుగు రాకముందే వంక గట్టు మీది ఈత చెట్లకు పోయేవాడు. చెట్టెక్కే ఆ తాడును చూసే పిల్లలం ఆయనకు ఆ పేరు పెట్టుకున్నాం. ఆయన భార్యను అత్తా అనేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్లో ఎవరికైనా ఏదో ఒక వరస ఉండాల్సిందే.

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, ఆళ్లగడ్డకు కాస్త ఇవతల ఉంటుంది. నేను చెప్పేది కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజుల మాట. కల్లు బందు అంతకు ముందు నుంచే ఉంది. చెట్లు గీసి బతికిన మోకు మామ ఆ బందుతో నంద్యాలకు పోయి పత్తి మూటలు మోశాడు. చెట్టు మీద ఉడతలా ఉండే మనిషి మూట కింద నలిగిపోయాడు. ఎముకలు తేలి ఊరికి తిరిగొచ్చాడు. అప్పుడే సర్కారు వాళ్లు నీరా అమ్ముకోవచ్చని, మిగిలింది కాచి బెల్లం చేసుకోవచ్చని గీత పనివాళ్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. షరతు ఒక్కటే. చెట్టుకు కట్టే ప్రతి ముంతకూ లోపల సున్నం పూయాలి. సున్నం ఉంటే ఆ రసం పులవదు, మత్తెక్కదు, తియ్యగానే ఉంటుంది. సున్నం లేని ముంత చెట్టు మీద కనబడితే లైసెన్సు పోతుంది. మళ్లీ నంద్యాల మూటలే.

మా జేజికి, అంటే నాయన తల్లికి మాత్రం నీరా అన్నా కల్లన్నా ఒకటే. ఆమె తమ్ముడు కల్లుకు చెడిపోయి, పెళ్లి కాకముందే పోయాడట. ఆ సంగతి ఆమె ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. మోకు మామ ముంతలతో పోతుంటే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయేది. మనిషి మీద కోపం లేదు, ఆ ముంత చూడలేకపోయేది. నన్ను బడికి పంపలేదు గాని మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. జేజి దగ్గర కూర్చుని నారాయణ నామాలు చదువుకునేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లకు మొక్కులో, మడిలో ఏ అనుమానం వచ్చినా మా జేజి దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమెకు చదువు లేదు. అయినా వచ్చేవాళ్లు.

మోకు మామ, అత్త ఆళ్లగడ్డ బస్సులు ఆగే చోట ఒక చిన్న పందిరి వేసుకున్నారు. ఇసుకలో పెద్ద కుండ పూడ్చి, పైన తడిగుడ్డ కప్పి, లోటాతో నీరా పోసి ఇచ్చేవాళ్లు. అహోబిలం పోయే జనం అక్కడే బస్సు దిగి ఎడ్లబండ్లు ఎక్కేవాళ్లు గనుక దాహం కొదవలేదు. కానీ అందరి నోళ్లలోనూ ఎకసెక్కమే. "ఏమప్పా, తాగితే తల తిరుగుతాదా, నోరు పొక్కుతాదా?" అని ఒకడంటే, "మత్తు ల్యాకపోతే వంకలో నీళ్లు తాగినా పోతాది గదా" అని ఇంకొకడు. ఆడవాళ్లయితే ఆ పందిరి దాటేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. అయినా మొగుడూ పెళ్లాలు నవ్వుతూనే ఉండేవాళ్లు. రోజుకు కొందరు తాగేవాళ్లు, తాగినవాళ్లు మర్నాడు వచ్చేవాళ్లు. అట్లా నెమ్మదిగా నడుస్తూ ఉండింది.

మరుసటి ఏడు చెట్లు గీయడం మొదలైన కొత్తల్లో ఒకనాడు మా నాయన తులసికోటకు రాయి చెక్కించడానికి ఆళ్లగడ్డ పోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. శిల్పుల కొట్టాల్లో ఉలి చప్పుళ్లు వింటూ ఎంతసేపైనా ఉండేదాన్ని గాని, ఎండ ఎక్కేసరికి నాయన ఇంటికి పోదాం రమ్మన్నాడు. బస్సుల దగ్గరికి వచ్చేసరికి పందిరి ముందు గుంపు. కల్లు బందు చూసే జవాను కుండ మీద గుడ్డ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కుండలో రసం తెల్లగా నురగలు కక్కుతోంది. పుల్లటి వాసన మా దాకా వచ్చింది.

"ఏందప్పా ఇది? నన్ను ఎర్రిపప్పను చేస్తాండావా? ఇది నీరానా?"

మోకు మామ వంగి వాసన చూశాడు. ఆయన మొహంలో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా కనబడింది. "అన్నా, నా చేత్తో ప్రతి ముంతకూ సున్నం పూసినా. దేవుని తోడు," అన్నాడు. జవాను కుండను కాలితో వాల్చేశాడు. ఇసుక అంతా తాగేసింది. ఇంకొకసారి ఇట్లా కనబడితే లైసెన్సు కాగితం చించి పారేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. గుంపులో ఎవరో "చెప్తినా ల్యా, కల్లే అని" అన్నారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని, ఒరిగిన కుండను ఎత్తి నిలబెట్టింది.

ఆ సాయంత్రం మోకు మామ పందిరి పీకేసి వచ్చాడు, ముంతలు కట్టడానికి చెట్లెక్కలేదు. మోకు చుట్టి దూలానికి వేలాడదీశాడని, నంద్యాలకు పోతానంటున్నాడని ఊళ్లో చెప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, ఊరంతా అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, అత్త మా ఇంటి మెట్ల కింద వచ్చి నిలబడింది. జేజి అరుగు మీద వత్తులు చేస్తోంది, నేను పక్కన దూది విడదీస్తున్నా. జేజి ఆమెను చూసి లేవబోయింది. కానీ అత్త చేతుల్లో ముంత లేదు, కళ్ల నిండా నీళ్లున్నాయి. జేజి మళ్లీ కూర్చుంది.

"అవ్వా, ఎల్లమ్మకు నా మీద కోపమొచ్చిందా? నువ్వే చెప్పల్ల."

ఆమె చెప్పిందంతా నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్లలో చెట్టు గీసే కాలం మొదలైందంటే తొలి ముంత ఎల్లమ్మకు పెట్టాలి. అది తాతల నాటి నుంచీ వస్తున్నది. లైసెన్సు వచ్చిన ఏడు కాలం నడుమ మొదలుపెట్టారు గనుక ఆ చిక్కు రాలేదు. కానీ అమ్మవారికి పెట్టే ముంతకు సున్నం పూయడానికి ఆమెకు చేతులు రాలేదు. గోడలకు పూసే సున్నం తల్లి నోటికి ఎట్లా పెట్టేది? అందుకని మొగుడికి తెలియకుండా ఒక ముంతను ఉత్తదే ఉంచి ఆయనకు అందించింది. చీకట్లో ఆయన చూసుకోలేదు. తెల్లారి ఆ ముంత రసం ఎల్లమ్మకు చూపించి, దండం పెట్టి, మిగిలిన ప్రసాదం పారబోయడానికి మనసొప్పక పెద్ద కుండలో కలిపింది. అమ్మ ప్రసాదం అందరి నోట్లో పడితే అందరికీ మంచిదే గదా అనుకుంది. పాలకు తోడు పెట్టినట్టు ఆ ఒక్క ముంత పొద్దెక్కేసరికి కుండనంతా పులియబెట్టింది.

"ఆయనకు చెప్పలేదవ్వా. ఇక మీద సున్నం పూసి పెడితే తల్లికి అపచారం. పూయకుంటే లైసెన్సు పోతాది. పెట్టకనే ఉంటే ఆయన అంత ఎత్తు ఎక్కి దిగేటోడు, ఏమన్నా అయితే నేనేం కావల్ల?"

చెట్టు మీద నుంచి పడి చనిపోయినవాళ్లు వాళ్ల ఇళ్లలో ఉన్నారు. ఆ భయం మాటల భయం కాదు.

జేజి అరుగు మీది నుంచి లేచి దేవుడి గదిలోకి వెళ్లింది. ఇక మాట్లాడదేమోనని అత్త వెనక్కి తిరగబోతుంటే, పొద్దున స్వామికి పెట్టిన తాంబూలం పళ్లెం తీసుకుని బయటికొచ్చింది. ఆకులు, వక్కలు, చిన్న భరిణె. ఆ పళ్లెం పై మెట్టు మీద పెట్టి తానూ అక్కడే కూర్చుంది.

"మీ ఎల్లమ్మకు తాంబూలం పెడతావా?"

"పెట్టకుండా ఉంటానా అవ్వా."

"ఏమేం పెడతావు?"

"ఆకు, వక్క, సున్నం..." అని అత్త ఆగిపోయింది.

జేజి భరిణె మూత తీసి, వేలి కొసకు కాస్త సున్నం అంటించి చూపించింది. "ఆకులో తినే తల్లికి ముంతలో చేదా మే?"

అత్త ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూ మెట్టు మీదే కూలబడి, "అయ్యో నా మతి మండ, ఏటేటా ఈ చేత్తోనే రాసి పెడతాండా గదవ్వా" అంది. జేజి కూడా నవ్వింది. ఇక నుంచి తాంబూలపు సున్నమే ఎల్లమ్మ ముంతకు పూయమని, తల్లికిచ్చింది తల్లిదే గనుక మళ్లీ కుండలో కలపకుండా చెట్టు మొదట్లో పోయమని చెప్పింది. నీ మొగునికి కూడా నువ్వే చెప్పు, నేను చెప్పనంది.

ఆ రాత్రే అత్త చెప్పిందట. మోకు మామ తిట్టలేదట, గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అయితే తెల్లవారకముందే బాట మీద దగ్గు వినబడింది.

కానీ నురగ కక్కిన కుండను బస్సుల దగ్గరి జనమంతా చూశారు. మళ్లీ పందిరి వేస్తే ఎవరు వస్తారు? మోకు మామ చెట్లెక్కుతున్నాడు గాని, కొనేవాళ్లు లేక దించిందంతా కాచి బెల్లం చేయడమే అవుతోందని, కట్టెలు కూడా గిట్టడం లేదని అత్త చెప్పుకుని బాధపడింది. ఈ నెల చూసి నంద్యాల పోతామంది.

అహోబిలం స్వామి పారువేట పల్లకి మా ఊరికి వచ్చే రోజులవి. తన పెళ్లికి తానే ఊరూరూ తిరిగి జనాన్ని పిలుచుకునే స్వామి ఆయన. ఆ పెళ్లి పిలుపు కోసం మా ఊరు ఏడాదంతా ఎదురుచూసేది. పల్లకి మోసే బోయీలకు మా ఇంటి ముందు మజ్జిగో పానకమో ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు జేజి మజ్జిగ చిలకలేదు. ముందునాడే మోకు మామకు కబురు చేసింది.

పొద్దున్నే ఆయన నీరా కుండతో మా వాకిట్లోకి వచ్చేసరికి మా నాయన నిలువునా బిగుసుకుపోయాడు. "అమ్మా, స్వామి వచ్చే వేళ మన అరుగు మీద ఆ కుండేంది?"

"వాసన చూడు నాయనా," అంది జేజి అంతే.

నాయన చూడలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పల్లకి వచ్చింది, హారతి అయింది, బోయీలు భుజాలు రుద్దుకుంటూ నీడకు చేరారు. మోకు మామ లోటా నింపి మొదటివాడికి ఇవ్వబోతే అతను నాయన మొహం వైపు చూశాడు. ఆడవాళ్లంతా చూస్తున్నారు. జనాన్ని సర్దడానికి వచ్చిన జవాను కూడా, ఆ ముందటి జవానే, కట్టె పట్టుకుని అక్కడే ఉన్నాడు. మోకు మామ చెయ్యి లోటాతో గాలిలోనే ఆగిపోయింది.

జేజి ముందుకొచ్చి ఆ లోటా తన చేతిలోకి తీసుకుంది. ఎన్నేళ్ల నాటి తమ్ముడు ఆమె కళ్ల ముందుకొచ్చాడో నాకు తెలియదు. పల్లకి వైపు తిరిగి, కళ్లు మూసుకుని, గోవిందా అని మెల్లగా అని, గటగటా తాగేసింది. లోటా కింద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది. "తేనె కలిపినట్టుంది. పోయప్పా వాళ్లకు, ఎండన పడి వచ్చినారు," అంది.

తర్వాత కుండ ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బోయీలు తాగారు, వాళ్ల వెనుక మేళగాళ్లు తాగారు. జవాను కుండ మీదికి వంగి ముక్కు పెట్టి వాసన చూసి, లోటా అందుకుని తాగి, మళ్లీ చెయ్యి చాపాడు. "రెండోసారి పరీక్ష చేస్తాండావా అన్నా?" అని అత్త అనేసరికి అందరూ ఘొల్లుమన్నారు. ఆఖరికి మా నాయన వచ్చి, తానూ ఒక లోటా తాగి వెళ్లాడు.

వాళ్లు నంద్యాల పోలేదు. ఆళ్లగడ్డలో పందిరి మళ్లీ లేచింది, పక్కనే ఈత బెల్లం అచ్చులు కూడా పెట్టారు. మా ఊరి ఆడవాళ్లే వాటిని బాలింతలకు మంచిదని కొనుక్కుపోయేవాళ్లు. మోకు మామ ముసలితనం వచ్చి చెట్లు దిగేదాకా ఆ పని మీదే గుట్టుగా బతికారు. స్వామి దయ.

అత్త ఆ మధ్యాహ్నం అడిగిన మాట జేజి ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పొద్దంది. వాళ్లిద్దరూ, జేజీ, ఎవరూ లేరు గనుక ఇప్పుడు రాస్తున్నాను. అప్పట్లో నాకొక సందేహం మాత్రం ఉండేది. సున్నం పూసిన ముంత ఎల్లమ్మకు ఇష్టమని జేజికి ఎట్లా తెలుసు? ఆమె కొలిచే దేవుడు వేరు గదా. ఒకనాడు వత్తులు చేస్తూ అడిగేశాను.

"నాకేం తెలుసు మే," అంది. "అడగొచ్చిన దాని మొహం చూసినా. అంత ప్రేమగా పెట్టేదాని చేతిలోది ఏ తల్లి కాదంటాది?"

ఇప్పుడు నా దగ్గరికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తారు. ఈ పూజ తప్పాను, ఈ నోము మధ్యలో ఆగింది, ఏమవుతుందమ్మా అని. నాయన దిద్దించిన అక్షరాల పుణ్యాన నా దగ్గర పుస్తకాలున్నాయి. అవి తెరవకముందు వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మొహంలోకి చూస్తాను. చాలాసార్లు పుస్తకం తెరవాల్సిన పనే ఉండదు.