అక్క మెడలో గాలి సంచి

మొన్న అక్కను చూసి వద్దామని బాన్సువాడ బస్టాండులో కోటగిరి బస్సు కోసం కూర్చుంటే, మనవరాలు ఫోన్ చూసి, అమ్మమ్మా ఈరోజు మన ఊరి గాలి బాగానే ఉందట అని ఒక అంకె చూపించింది. ఎదురుగా వడ్ల ట్రాక్టర్లు లేపిన దుమ్ముకు నేను కొంగు, అది చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకొని ఉన్నాం. ఆ బాగున్న గాలిని ఎవరు పీల్చి చూశారో నాకు అర్థం కాలేదు. గాలి లెక్కల దగ్గర తికమక పడటం నాకు కొత్తేమీ కాదు లెండి.

నా చిన్న వయసులో, కట్టెల పొయ్యి పొగ ఆడవాళ్ల ఊపిరిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. వాళ్ల దగ్గర ఊరూరా తిరిగే కొలువు నాది. మెడలో వేసుకునే ఒక సంచి, అందులో గుయ్యిమంటూ గాలి లాగే చిన్న మిషన్, ముక్కుకు దగ్గరగా గొట్టం, లోపల మసిని పట్టుకునే తెల్లటి బిళ్ల. ఒక పగలూ రాత్రీ దాన్ని ఒంటి మీద నుంచి తీయకూడదు. అక్క అత్తగారి ఊరు కూడా అందులో ఉండటం అదృష్టమనుకున్నాను, ఎందుకంటే అక్కకు అప్పటికే విడవని దగ్గు, అది వంట తప్పించుకునే వేషమని అత్త దెప్పేది, మిషన్ గనక పొగే కారణమని చెబితే గ్యాసు పెట్టిస్తానని మా బావ నా ముందే మాట ఇచ్చాడు.

పక్కింటి గిన్నె తెచ్చుకుంటే, తెచ్చినప్పటికన్నా తళతళలాడేట్టు తోమి తిరిగి ఇవ్వడం మన కాలపు అలవాటు, మీకూ గుర్తుండే ఉంటుంది. అక్క అత్త ఆ విషయంలో మరీ పట్టింపు మనిషి. నేను సంచి అక్క మెడలో వేసి గడప దాటానో లేదో, "పరాయోళ్ల సామాను, మసి అంటితే మనకే మాట. నువ్వు పొయ్యి కాడికి రాకు, నేనే వండుత" అందట. తీయొద్దని నేనన్నాను, మసి పట్టనీయొద్దని ఆమె అంది, ఇద్దరి మాటా జవదాటకుండా అక్క ఆ రోజంతా వాకిట్లో మంచం మీద కూర్చుంది. పెళ్లయ్యాక అలా కూర్చోవడం ఆమెకు అదే మొదలు. లోపల అత్త కళ్లు ఎర్రబడి దగ్గుకుంటూ రొట్టెలు చేసింది. మర్నాడు నేను వెళ్లేసరికి సంచి మీద మచ్చ లేదు, పైగా పక్కింటి గిన్నెను ఉత్తగా పంపకూడదన్నట్టు ఇన్ని పెసర్లు మూటగట్టి ఇచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పట్నంలో బిళ్లను తూచి, ఈమె పీల్చిన గాలి శుభ్రమేనన్నారు. జరిగింది చెబితే మా డాక్టరమ్మ తల పట్టుకుంది, కానీ మిషన్లు అప్పటికే వేరే ఊళ్లకు వెళ్లిపోయాయి. బావకూ అదే చెబితే, మిషన్ అబద్ధమాడుతుందా అని నవ్వి, గ్యాసు మాటను అక్కడితో ముగించాడు. పొగ మింగిన అత్తకు అంతా తెలుసు, అయినా కొడుకు ముందు ఎందుకు నోరు విప్పలేదో నాకు ఈనాటికీ అంతుపట్టదు. పోనీ మిషన్‌ను తప్పు పడదామా అంటే, ఆ రోజు అక్క పీల్చింది నిజంగా మంచి గాలే.

తర్వాత ఎన్నో ఏళ్లకు అందరి ఇళ్లతో పాటు అక్క ఇంటికీ గ్యాసు వచ్చింది, దగ్గు మాత్రం పోలేదు. ఇప్పుడు ఊరందరి గాలీ ఒకే అంకెగా అరచేతిలో కనిపిస్తుంది, పొయ్యి దగ్గర ఎవరున్నారు, వాకిట్లో ఎవరున్నారని అడిగేవాళ్లు లేరు. ఆనాడు సంచి విప్పుతుంటే అక్క నా చేయి పట్టుకొని, అత్తకు వినపడకుండా ఒక మాట అడిగింది.

"ఇంకొక్క దినం ఉంచరాదూ, చెల్లె?"