చివర పిలిచిన హాజరు

ఇబ్రహీంపట్నం డిగ్రీ కాలేజీలో నేను లెక్కలు చెప్పిన కాలంలో నా క్లాసు నుంచి ఒక్కడు కూడా పారిపోలేదు. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో పక్కసీటు వాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకు కూడా చెప్పాను. నిజానికి మొదటి రెండేళ్ళు సగం మంది పారిపోయేవాళ్ళు. హాజరు పలికి, నేను బోర్డు వైపు తిరగ్గానే వెనక కిటికీలోంచి దూకేవాళ్ళు. ఒకసారి తిరిగి చూసేసరికి కిటికీ గట్టు మీద ఎవరిదో చెప్పు మాత్రం మిగిలింది. అందుకని హాజరు క్లాసు మొదట్లో కాకుండా చివర్లో పిలవడం మొదలుపెట్టాను. దెబ్బకు కుదురుకున్నారు. రాష్ట్రంలోని కాలేజీలన్నీ ఈ పద్ధతి నా దగ్గరే నేర్చుకున్నాయని కూడా చెప్పేవాణ్ణి. మా కాలేజీలోనే ఇంకెవరూ నేర్చుకోలేదు.

అప్పుడు హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తోంది. మెట్ట చెలకల్లో ప్లాట్ల హద్దురాళ్ళు లేచి, వాటికి రంగులు పడుతున్నాయి. నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డు నుంచి లేచిన చిన్న విమానాలు మా క్లాసు మీదుగా చక్కర్లు కొడితే, ఆ మోత పోయేదాకా సుద్దముక్క పట్టుకుని ఆగేవాణ్ణి. ఏ ఇంట్లో విన్నా కంప్యూటర్ మాటే. మా కాలేజీకీ కంప్యూటర్ గ్రూపు వచ్చింది. సీట్లు తక్కువ, ఆశపడేవాళ్ళు ఎక్కువ. చేరిన వారంలోనే లెక్కల పరీక్ష పెట్టి వడపోయాలని ప్రిన్సిపాల్ నిర్ణయించారు. తప్పినవాళ్ళు బి.ఏ.లో కూర్చుంటూ, మూడు నెలలు సాయంత్రం పూట ప్రత్యేక తరగతికి రావాలి. తర్వాత రెండో పరీక్ష. అందులో గట్టెక్కితే మిగిలిన సీట్లలో ఒకటి దక్కుతుంది. ప్రత్యేక తరగతిలో ముప్పాతిక వంతు హాజరు లేనివాళ్ళు ఆ రెండో పరీక్ష రాయడానికి లేదు.

పేపరు నేనే తయారుచేశాను. అందరికీ ఒకే పేపరు, ఒకే గంట, ఇంతకంటే న్యాయం ఏముంటుందని స్టాఫ్‌రూములో ఉపన్యాసం ఇచ్చాను. పేపరు మొత్తం ఇంగ్లీషులో ఉంది. హైదరాబాదు అంచున ఉన్న మీర్‌పేట్ కాలనీల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది చదువుకుని రాశారు. యాచారం వైపు ఊళ్ళలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్ళు ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకు లెక్కలు రావని నేను సంతకం పెట్టి ఇచ్చాను.

అలా తప్పినవాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది. యాచారం దాటి లోపలి ఊరు. తండ్రి చెరువులో చేపలు పట్టేవాడు. ప్రత్యేక తరగతి మొదటి రోజు ఆ పేపర్లోని లెక్కే తెలుగులో అడిగాను. నేను ముగించేలోపే జవాబు చెప్పేసింది.

"మరి పరీక్షల ఎందుకు రాయలే?" అన్నాను.

"అప్పుడు గిట్ల అడగలేదు గద సార్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

తరగతి మూడున్నర నుంచి నాలుగున్నర దాకా. ఆమె ఊరికి పోయే చివరి బస్సు నాలుగుంబావుకు. రోజూ నాలుగు దాటగానే లేచి, "పోయొస్త సార్" అనేది. నేను తలూపేవాణ్ణి. నాలుగున్నరకు హాజరు పిలిస్తే ఆమె పేరు దగ్గర పలికేవాళ్ళుండరు. గైర్హాజరు వేసేవాణ్ణి. సరిగ్గా అదే సమయానికి తప్పినవాళ్ళలోనే ఉన్న మీర్‌పేట్ కుర్రాళ్ళు ఇద్దరు బండి మీద వచ్చి, గుమ్మంలో నిలబడి "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళు. వాళ్ళకు హాజరు పడేది. ముప్పయ్యైదు నిమిషాలు కూర్చున్న పిల్ల రానట్టు, రెండు నిమిషాలు నిలబడ్డవాళ్ళు వచ్చినట్టు! ఇది నాకు తోచనే లేదని చాలాకాలం చెప్పుకున్నాను. తోచింది. దసరా సెలవులకు ముందే తోచింది. ఒక్కరి కోసం మొదట్లో పిలిస్తే మిగతావాళ్ళు మళ్ళీ కిటికీ ఎక్కుతారని, క్రమశిక్షణలో నాకున్న పేరు పోతుందని ఊరుకున్నాను.

రెండో పరీక్ష రాయదగినవాళ్ళ జాబితా గోడకు అంటించారు. ఆమె పేరు లేదు. మరునాడు తండ్రి ఆమెను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, నా బిడ్డ రోజు వచ్చిన అంటది. మీరేమో రాలేదని గోడకు పెట్టిన్రు. ఎవలది అబద్ధం?"

"ఎవలది గాదన్నా. క్లాసు అయిపొయ్యేదాక ఉండాలె. రూలట్లున్నది."

"ఉంటె బస్సు పోతది. మీ బిడ్డనైతె చీకట్ల నడిపిస్తరా?"

"రూలు నేను పెట్టలేదన్నా."

"మరి పెట్టినాయన ఏడున్నడో చెప్పున్రి. ఆయన్నే అడుగుత."

పెట్టినాయన అతని ఎదురుగానే కూర్చుని పెన్ను మూత పెడుతూ, తీస్తూ ఉన్నాడు.

అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసి నా బల్ల మీద పెట్టింది. రోజుకొక పేజీ, పైన తేదీ. ప్రతి పేజీలోనూ ఆఖరి లెక్క సగంలో ఆగిపోయి ఉంది, నేను బోర్డు మీద ఎక్కడిదాకా వచ్చేసరికి ఆమె లేచి పోయేదో అక్కడికి. ఒకటి కాదు, మూడు నెలల పేజీలు. అన్నీ తిరగేశాను.

"నోటుబుక్కు రిజిస్టర్ గాదమ్మా" అన్నాను.

"సదువుకున్నోళ్ళు సార్ మీరు" అన్నాడు తండ్రి. "గీ కాయితం సూసి గా కాయితం జర దిద్దరాదా?"

దిద్దవచ్చు. కబడ్డీ ఆడే పిల్లల కోసం చాలాసార్లు దిద్దాను. ఆ రోజు మాత్రం నాకు నిజాయితీ గుర్తొచ్చింది.

బండి మీద వచ్చే ఇద్దరూ రెండో పరీక్ష రాశారు. ఒకడికి సీటు వచ్చింది. ఆమె బి.ఏ.లోనే ఉండిపోయింది.

తర్వాతి ఏడు పద్ధతి మారింది. వడపోత పరీక్ష తీసేశారు. ఇంకో సెక్షను తెరిచి, అడిగినవాళ్ళను నేరుగా గ్రూపులో చేర్చుకుని, వెనకబడినవాళ్ళకు పొద్దున టైంటేబుల్లోనే ఒక గంట అదనంగా తెలుగులో చెప్పమన్నారు. ఏ పిల్లలకు లెక్కలు రావని సంతకం పెట్టానో, అలాంటి పిల్లలే పొద్దున తెలుగులో విని మధ్యాహ్నం ఇంగ్లీషులో రాశారు. అందరూ కాదు, చాలామంది. ఇదంతా నేను పైవాళ్ళకు రాసిన ఉత్తరం వల్లే జరిగిందని రిటైరైన రోజు శాలువా కప్పుకుని మైకులో చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఉత్తరం రాసిన మాట నిజమే. హాజరు నిబంధన ఇంకా బిగించమని రాశాను.

మార్పు వచ్చిన నెలలోనే ఆ అమ్మాయి వరండాలో ఎదురైంది. ఆపాను.

"ఇప్పుడు పరీక్ష లేదమ్మా. కంప్యూటర్స్‌లకు రావచ్చు నువ్వు."

"మల్ల మొదటి ఏడుకెల్లి సదువాల్నా సార్?"

"అవ్."

"బాపు సదువుమనే అన్నడు. నేనే ఒద్దన్న. ఒక ఏడు ఒర్సుకున్నరు ఇంట్ల. ఇంకో ఏడు ఎట్ల అడుగుత?"

"అండ్ల నీ తప్పేం లేదమ్మా" అన్నాను.

"గది నాకెర్కే సార్."

ఆ మాట అని ఆమె కళ్ళు తుడుచుకుందని, నేను తల మీద చెయ్యి వేసి ఓదార్చానని తర్వాత కొందరికి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నేను చెయ్యి వేయలేదు. గంట కొట్టారు, చరిత్ర క్లాసుకు వెళ్ళిపోయింది.