పెద్ద ఇంజన్ బండికి వెనక తలుపు

2004 జూలై 11, ఆదివారం. తమ్ముడి వాకిట్లో ఉన్నవారు: తమ్ముడు, మరదలు, వాళ్లమ్మాయి, అల్లుడు, షోరూం మనిషి, నేను, నా భార్య.

ఆనాటి డైరీలో దీని కింద రెండు బండ్ల కొలతలు మాత్రమే ఉన్నాయి. మిగిలింది జ్ఞాపకం నుంచి రాస్తున్నాను.

రొయ్యల చెరువులు కలిసొచ్చి తమ్ముడు ఇంటిల్లిపాదీ పట్టే కారు కొనదలిచాడు. మేము వాళ్ల పక్క వాటాలో ఉంటాం. షోరూం మనిషి రెండు రకాల బండ్లు తెచ్చాడు. మేం తేల్చినదాన్ని ఒక రోజు ఉంచి వెళ్తానన్నాడు. మర్నాడు అందులో పెద్దాపురం మరిడమ్మ జాతరకు వెళ్లిరావాలి, నచ్చితే అదే కొనాలి.

జాతర మాట వచ్చింది నా భార్య కోసం. రెండేళ్ల కిందట నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు, అమ్మవారికి తన చేత్తో చీర పెడతానని మొక్కుకుంది. మోకాళ్లు అరిగిపోయి బస్సు ఎక్కలేక ఆ మొక్కు అలాగే ఉండిపోయింది.

మొదటి బండిది చిన్న ఇంజన్. బండి నేల తక్కువ ఎత్తులో ఉంది, మధ్యలో ముగ్గురు పట్టే పొడుగాటి సీటు. రెండోది రెండున్నర లీటర్ల టర్బో డీజిల్. మధ్యలో రెండు విడి కుర్చీలు, వెనక ఎదురెదురు సీట్లు. వాటిలోకి వెనక తలుపు నుంచే ఎక్కాలి.

ధవళేశ్వరంలో కాలవ లాకుల తలుపులు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు పనిచేసినవాణ్ణని నన్నే తేల్చమన్నారు. మన కాలవ గట్ల రోడ్లకు చిన్నది చాలుననే అనుకున్నాను. అంతలో అల్లుడు అందుకున్నాడు.

"చిన్నదే తీసుకుందామండి. టర్బోలవీ పెదమావయ్యగారికి కొత్త కదండి. లాకు తలుపుల చక్రం తిప్పినట్టు కాదు."

అందరూ నవ్వారు. నేను బానెట్ ఎత్తించి, ఏడుగురు ఎక్కి ఏసీ వేస్తే చిన్న ఇంజన్ మీద ఎంత భారం పడుతుందో అరగంట చెప్పాను.

"పెద్దదే," అన్నాను.

"ఏవండీ, మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది నా భార్య.

"మధ్యలో నేనూ అమ్మాయీ కూర్చుంటాం, మీరు వెనక సర్దుకోండి అక్కయ్యా. వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పేస్తదండి," అంది మరదలు.

"అన్నయ్య ముందు కూర్చోవాలి గదా వదినగారూ, ఇంజను చూడాలి," అన్నాడు తమ్ముడు.

నేను టేపు తీసి కొలిచాను. నేల నుంచి వెనక మెట్టు ఇరవై రెండు అంగుళాలు. "ఎక్కి చూడు," అన్నాను. ఆమె కాలు తొమ్మిది అంగుళాలకు మించి లేవలేదు. ఆ అంకె పైకే చదివాను.

"పీట వేస్తే ఎక్కుతానండి," అంది.

"పెద్దమ్మ పీట బండితోపాటే ఇస్తారాండి?" అని అమ్మాయి షోరూం మనిషిని అడిగింది.

పీట వేశారు. ఆమె తలుపు పట్టుకుని ఒక కాలు పైకి పెట్టింది. మరదలు వెనక నుంచి తోసింది. ఆమె బండి నేల మీద బోర్లా పడి, లేవలేక, రెండు చేతులూ ఆన్చి అలాగే ఉండిపోయింది. వాకిట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముందు సీటుకు పక్కన మెట్టూ, పట్టుకోవడానికి పిడీ ఉన్నాయి. ఆ సీటు ఆమెకు ఇస్తానని నేను అనలేదు. ఆమె అడగలేదు.

షోరూం మనిషి చిన్న బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆరింటికి బయల్దేరాం. నా భార్య స్నానం చేసి, చీర సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. వెనక తలుపు తీసి ఉంది. దాని వంక చూసి, "మీరెళ్లిరండి," అంది. ఆ చీర మేమిచ్చేస్తామని మరదలు చెయ్యి చాపితే, ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో ఎనభై మీద కూడా ఇంజన్ కష్టపడలేదు. దర్శనం అయ్యాక తమ్ముడు అక్కడి నుంచే షోరూంకు ఫోన్ చేసి ఆ బండే ఖాయం చేశాడు. రంగేదని నన్నడిగాడు. తెలుపు అన్నాను.