ఆశకేం తక్కువ!

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. హిందూపురంలో మానసిక వైద్యురాలిగా సొంత క్లినిక్ తెరిచిన కొత్త. రోగుల మాటల కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువగా వినిపించేది. అలాంటి రోజుల్లో వచ్చిన ఒక రోగిని నేనే ఇంకో డాక్టరు దగ్గరికి పంపేశాను. నేను గర్వంగా చెప్పుకునే కేసు అదే.

ఆమె పేరు నారాయణమ్మ. తాడిమర్రి దగ్గర పల్లె. భర్త పోయాడు, మేపేవాళ్లు లేక గొర్రెల మందనూ అమ్మేశారు. అప్పటినుంచి తిండి తగ్గింది, నిద్ర లేదు, ఒకటే నీరసం, రవికెలన్నీ వదులైపోయాయి. డిప్రెషన్ అనుకుని ధర్మవరం డాక్టరుగారు నా దగ్గరికి పంపారు. చిక్కేమిటంటే ఇవన్నీ క్యాన్సర్‌లోనూ కనిపిస్తాయి.

"మామ పోయినాక ఇట్లయిపాయ మేడం," అంది కోడలు.

మా వృత్తిలో యాన్‌హెడోనియా అనే మాట ఉంది. దేనిలోనూ సంతోషం కలగకపోవడం, దేనిమీదా ఆశ పుట్టకపోవడం. దాని గురించి అడగడం నేను తిండితోనే మొదలుపెడతాను.

"ఏమైనా తినాలని ఆశగా ఉందా అమ్మా?"

"ఆశకేం తక్కువ మేడమ్మా! రాగిసంగటి, నంజుకునేకి ఊరుబిండి కల్లోకొస్తాండాయి. రెండు ముద్దలు దిగితే సాలు, పొట్ట నిండిపోతాది."

"గొర్రెలు గుర్తొస్తాయా?"

"రాకేం? ఏడుస్తా. మళ్లా ఈయమ్మ జేసిన సంగట్లో ఉండలు జూసి నవ్వుతా."

కోడలు మూతి ముడిచింది. నేను నవ్వాను గానీ లోపల భయం వేసింది. దుఃఖం ఉంది, ఆశ మాత్రం చావలేదు. అడ్డుపడుతున్నది కడుపే. ఇదేమీ తిరుగులేని సూత్రం కాదు, రెండు జబ్బులూ ఒకరికే ఉండొచ్చు. అందుకే ధర్మవరానికి ఫోన్ చేసి, ఆమెను తిరిగి అక్కడికే పంపాను. డాక్టరుగారు వెంటనే ఎండోస్కోపీ, అంటే సన్నటి గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష, చేయించారు.

క్యాన్సరే. కానీ తొలి దశ. బెంగళూరులో ఆపరేషన్ చేసి కడుపులో చాలా భాగం తీసేశారు. కబురు వచ్చేదాకా నాకు ఆమె ధ్యాసే.

చలికాలంలో ఒక పొద్దున నారాయణమ్మ క్యారియరుతో దిగింది. పరీక్షలన్నీ బాగున్నాయట. ఎంత సంతోషమేసిందో!

దిగులుకు కారణం ఎదురుగా కనిపిస్తున్నా ఒంటిని కూడా ఓసారి అడగాలని ఆమే నాకు నేర్పింది.

"తిను మేడమ్మా. ఉండలుంటే మా కోడల్ని అను," అంటూ మూత తీసింది.

"మరి నువ్వు తింటున్నావా?"

"పొట్ట సిన్నదైపాయ గదా, ఒగేసారి తినేకి కాదు. మా గొర్రెల మాదిరి పొద్దంతా మేస్తాండా!"